గుఱుతు పెట్టిన మాంసకృత్తులు



నేను శాస్త్రజ్ఞుఁడను కాను. ముప్పది సంవత్సరములకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుఁగు బోధించి విశ్రాంతి గైకొన్నవాఁడను. నేను చదివినది అమరము, బాలవ్యాకరణము, పంచకావ్యములు. ఇట్టివాఁడు క్యాన్సరు పరిశోధనమును గుఱించి మాటలాడఁ బూనుట సాహసమని మీలోఁ గొందఱకు తోఁచవచ్చును. కాని దీనికి రెండు కారణములు గలవు. మొదటిది నా శిష్యుఁడు. రెండవది నా యక్క.

గడచిన సంక్రాంతి పండుగకు నా పూర్వశిష్యుఁ డొకఁడు నన్ను చూడవచ్చెను. అతఁడు హైదరాబాదున నొక పరిశోధనాలయములో నుద్యోగి. "నాయనా, అచట నీవు చేయు పని యేమి?" అని యడిగితిని. "మాస్టారూ, క్యాన్సరు పరిశోధనకై మాంసకృత్తులకు గుఱుతులు పెట్టుచుందును" అని యతఁడు బదులు చెప్పెను. నాకు నవ్వు వచ్చినది. పశువులకు వాతలు వేయుట యెఱుఁగుదును. చాకలివారు జీడిగింజ రసముతో బట్టలకు గుఱుతు పెట్టుట యెఱుఁగుదును. కంటికిఁ గానరాని మాంసకృత్తునకు గుఱుతు పెట్టుట యెట్లు? పెట్టినచో నేమి లాభము? రెండు సాయంకాలములు నా యరుగుమీఁదఁ గూర్చుండి యతఁడు నాకుఁ జెప్పెను. అటుపిమ్మట నేనును గొంత చదివితిని. నాకు బోధపడినంత వఱకు మీకు విన్నవింతును.

మొదట మన దేహమునందలి కాపుదలను గుఱించి తెలిసికొనవలెను. గ్రామమునకు తలారి యెట్లో, దేహమునకు తెల్లరక్తకణము లట్లు. వానిలో టీ కణము లను నొక జాతి గలదు. అవి రాత్రింబవళ్ళు దేహమంతటను గస్తు తిరుగుచు, ఎదురైన ప్రతి కణమును తడవి చూచుచుండును. సూక్ష్మక్రిములు చొచ్చిన కణము గాని, దారి తప్పి పెరుగుచున్న కణము గాని కనఁబడినచో దానిని చంపివేయును. క్యాన్సరు, మన పల్లెలలో రాచపుండని వాడుక గలది, దారి తప్పిన కణముల వలననే పుట్టును. అట్లయిన తలారి యుండఁగా దొంగ యెట్లు బలియును? ఈ ప్రశ్నయే యీ కథకంతకును మూలము.

తలారి చేతికి కఱ్ఱ యిచ్చినప్పుడు, ఎవరిని గొట్టరాదో కూడ వానికిఁ జెప్పవలెను. లేనిచో ఊరివారినే కొట్టును. టీ కణములకును అట్టి కట్టడి యున్నది. వాని పైపొరమీఁద కొన్ని మాంసకృత్తులు ముందునకు ద్రోలునవి. కొన్ని వెనుకకు లాగునవి. బండికి ఎద్దులును, పగ్గములును రెండును వలయును గదా! వెనుకకు లాగు నీ పగ్గములనే శాస్త్రజ్ఞులు నిరోధస్థానములందురు. రహదారిపై చెక్‌పోస్టువద్ద బండి నాఁపి, చీటి చూచి, పొమ్మనుటయో నిలుపుటయో చేయుదురే, అట్టి పని వీనిది.

ఇట్టి పగ్గములలో మొదట ప్రసిద్ధికెక్కినది సీటీఎల్‌ఏ-4 అను మాంసకృత్తు. దీనిని 1987లో ఫ్రాన్సు దేశమున పియేర్ గోల్‌స్టైన్ గారి బృందము కనుఁగొనెను. ఇది చేయు పని యేమియో కొన్ని సంవత్సరముల వఱకు తేటపడలేదు. 1995లో శాస్త్రజ్ఞులు ఈ మాంసకృత్తు లేకుండఁ బుట్టిన చుంచెలుకలను పరిశీలించిరి. అవి పుట్టిన మూఁడు నాలుగు వారములకే చనిపోయెను. వానిని చంపినది రోగము కాదు. పగ్గము లేని వాని టీ కణములే వాని గుండెను, ఇతరాంగములను కబళించెను. పగ్గ మెంత యవసరమో ఈ చిన్న ప్రాణుల చావు తెలిపినది.

రెండవ పగ్గము పీడీ-1. దీనిని 1992లో జపాను దేశమున క్యోటో విశ్వవిద్యాలయమందు తసుకు హోంజో గారి పరిశోధనాలయము కనుఁగొన్నది. టీ కణము మీఁది పీడీ-1 తాళము వంటిదనుకొనుఁడు. దానికి సరిపడు తాళపుచెవి పీడీ-ఎల్1 అను వేఱొక మాంసకృత్తు. మన మంచి కణములు సమయము వచ్చినపుడు ఈ తాళపుచెవిని చూపి, "అయ్యా, మేము ఇంటివారము" అని టీ కణమును శాంతింపఁజేయును. ఇందులో క్యాన్సరు చేయు మోసము వినుఁడు. పెక్కు క్యాన్సరు కణములు ఈ తాళపుచెవినే తమ పైపొరనిండ ధరించును. తలారి దగ్గఱకు రాఁగా దొంగ కరణముగారి ముద్ర చూపినట్లు! తలారి నమస్కరించి తొలఁగిపోవును. దొంగ యిల్లు దోచును.

ఈ మోసమును భగ్నము చేయవచ్చునని మొదట తలఁచినవారిలో అమెరికాలోని జేమ్స్ ఆలిసన్ గారు ముఖ్యులు. ఆయన బాల్యముననే తల్లి క్యాన్సరు వలన మరణించెను. ఆయన యోచన యిది: క్యాన్సరును మనము కొట్టనక్కఱలేదు, టీ కణమును పట్టియుంచిన పగ్గమును వదలించినఁ జాలును. సీటీఎల్‌ఏ-4ను కప్పివేయు ప్రతిరక్షక మను పదార్థమును చుంచెలుకల కెక్కించి చూడఁగా వాని కంతులు కరఁగిపోయెను. ఈ ఫలితమును 1996లో ప్రకటించిరి. కాని మందు మనుష్యులకు చేరుటకు మఱి పదునైదేండ్లు పట్టినది. 2011లో అమెరికా ప్రభుత్వము ఇపిలిముమాబ్ అను నౌషధమును చర్మమున పుట్టు మెలనోమా యను క్రూరమైన క్యాన్సరుకు అంగీకరించెను. పీడీ-1ను కప్పు మందులగు నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అనునవి 2014లో వెలువడెను. 2018లో ఆలిసన్, హోంజోగార్లకు నోబెల్ బహుమానము లభించెను.

అమెరికా దేశపు మాజీ అధ్యక్షుఁడు జిమ్మీ కార్టరుగారి సంగతి మీలోఁ గొందఱు పత్రికలలో చదివియుందురు. 2015లో తొంబదియేండ్ల వయస్సున ఆయనకు మెలనోమా కాలేయమునకును మెదడునకును ప్రాఁకినట్లు బయటపడినది. శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు చేసి, పెంబ్రోలిజుమాబును ఇచ్చిరి. ఆ డిసెంబరు నాఁటికే పరీక్షలలో క్యాన్సరు జాడ కానరాలేదు. ఆయన నూఱేండ్లు నిండి 2024 డిసెంబరులో కాలధర్మము నొందెను.

ఇఁక నా శిష్యుని పనికి వత్తము. తాళమునకు తాళపుచెవి యెట్లు తగులునో, ఏ మందు ఆ కలయికను చెఱచునో తెలిసికొనవలెనన్న, ముందు ఆ తాళమును తాళపుచెవిని చేతిలోనికి తెచ్చుకొనవలెను గదా. మనుష్యుని రక్తమునుండి వానిని తీయఁబూనినచో లభించునది మిక్కిలి స్వల్పము. కావున శాస్త్రజ్ఞు లొక యుపాయము పన్నిరి. ప్రతి మాంసకృత్తునకును జన్యు వను వ్రాతప్రతి యొకటి గలదు. పీడీ-1 జన్యువును నకలు తీసి, పెంపకపు పాత్రలలో పెరుగు కణములలోనికి చొప్పింతురు. ఆ కణములు తమ వ్రాతతోపాటు ఈ వ్రాతను గూడ చదివి, ఆ మాంసకృత్తును రాశులుగా చేసిపెట్టును. కోకిల తన గ్రుడ్డును కాకి గూఁటిలో పెట్టి పొదిగించుకొనునట్లని నేను సమన్వయించుకొంటిని. ఇట్లు వేఱు వేఱు జీవుల జన్యువులను జతపఱచి చేయించిన దానిని పునస్సంయోజిత మాంసకృత్తందురు.

ఇది మనకు క్రొత్త కాదు. మధుమేహులు నేఁడు తీసికొనుచున్న ఇన్సులిన్ ఇట్టిదే. దీనిని 1978లో బాక్టీరియములచేత చేయించిరి. 1982లో అది విపణికి వచ్చినది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో వెలువరించిన హెపటైటిస్-బి టీకాయు పునస్సంయోజిత మాంసకృత్తే. ఆ కామెర్ల రోగము ముదిరి కాలేయపు క్యాన్సరుగా మాఱఁగలదు గనుక, ఆ టీకా యొకవిధమున క్యాన్సరును రాకుండ నాఁపునదే.

అయితే పీడీ-1ను చేయించుటకు బాక్టీరియములు చాలవు. మన కణములు మాంసకృత్తును తయారుచేసిన పిమ్మట దానికి చక్కెర గొలుసులను తగిలించి, తగిన రీతిని మడత పెట్టును. బాక్టీరియమున కా నేర్పు లేదు. కావున మనుష్యకణముల వంశమునకుఁ జెందిన హెచ్‌ఈకే-293 అను కణములలోనో, ఒకజాతి యెలుక యండాశయమునుండి వచ్చిన సీహెచ్‌వో అను కణములలోనో దీనిని చేయింతురు. మడత తప్పినచో తాళము తాళమే కాదు. దానితో చేసిన పరీక్షలన్నియు వ్యర్థములగును.

తరువాతిది గుఱుతు. మాంసకృత్తు మిక్కిలి చిన్నది, కంటికిఁ గానరాదు. పరీక్షలో అది యేచోట నంటుకొన్నదో తెలియుటకై దానికొక యానవాలు తగిలింతురు. తఱచుగా వాడు గుఱుతు బయోటిన్. ఇది బి-విటమినులలో నొకటి, మిక్కిలి చిన్న పదార్థము. దీని చరిత్ర కోడిగ్రుడ్డుతో ముడివడియున్నది. 1927లో మార్గరెట్ బోయస్ అను నామె, పచ్చి తెల్లసొన విశేషముగా తినిన యెలుకలకు వెండ్రుకలు రాలి చర్మరోగము వచ్చుటను వర్ణించెను. ఉడికించిన తెల్లసొన వలన ఆ కీడు లేదు. పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అను మాంసకృత్తు బయోటినును గట్టిగా పట్టుకొని దేహమునకు దక్కనీయదని పిదప తెలిసినది. నాఁడు రోగమునకు కారణమైన ఆ పట్టే నేఁడు పరిశోధకులకు సాధనమైనది. ఎవిడినునకు చుట్టము వంటిది స్ట్రెప్టావిడిన్. ఇది మట్టిలో నుండు నొక బాక్టీరియము నుండి లభించును. బయోటినును ఒకసారి పట్టెనా, వదలుట బహు కష్టము. ప్రకృతిలో మన మెఱిఁగిన గట్టి పట్టులలో నిదియొకటి. ఒక్కొక్క స్ట్రెప్టావిడిన్ నాలుగు బయోటినులను పట్టఁగలదు.

ఇచట నా శిష్యుఁడు చెప్పిన మాట నాకు మిక్కిలి నచ్చినది. "మాస్టారూ, గుఱుతు పెట్టుట కష్టము కాదు, సరియైన చోట పెట్టుటయే కష్టము" అనెను. పూర్వపు పద్ధతిలో మాంసకృత్తును బయోటిన్ ద్రావణములో కలిపి, ఎక్కడ దొరికిన నక్కడ నంటుకొననిత్తురు. అప్పుడు కొన్ని గుఱుతులు తాళపు రంధ్రముననే పడును. తాళపుచెవి దూరదు. పరీక్షించువాఁడు "ఈ రెంటికిని పొత్తు లేదు" అని తప్పుగా నిర్ణయించును. మన చాకలి జీడిగింజ గుఱుతును ఉత్తరీయపు మూలను పెట్టును గాని నడుమ పెట్టఁడు గదా! అట్లే నేఁడు మాంసకృత్తు చివర పదునైదు అమైనో ఆమ్లముల చిన్న తోఁక నొకదానిని చేర్తురు. ఒక ఎంజైము ఆ తోఁకను గుర్తించి దానిమీఁద నొక్క బయోటినును మాత్రమే తగిలించును. ముఖము ముఖముగనే యుండును. గుఱుతు వీఁపున నుండును. నలువది సంవత్సరముల క్రిందటనే మా చాకలి కీ సూక్ష్మము తెలియునని నేననఁగా శిష్యుఁడు నవ్వెను.

గుఱుతు పెట్టిన తాళముతో చేయు పరీక్ష యొకదానిని చెప్పెదను. చిన్న చిన్న గుంటలు 96 గల యొక పళ్ళెమును తీసికొందురు. ప్రతి గుంట యడుగునను పీడీ-ఎల్1ను, అనఁగా తాళపుచెవిని, అంటింతురు. అందులో బయోటిన్ గుఱుతు గల పీడీ-1ను పోయుదురు. అది తాళపుచెవి నంటుకొనును. అంటనిదానిని కడిగివేయుదురు. పిదప స్ట్రెప్టావిడినును పోయుదురు. దానికి ముందుగనే గుఱ్ఱపు ముల్లంగి యను దుంపనుండి తీసిన యొక ఎంజైమును జతపఱచియుందురు. స్ట్రెప్టావిడిన్ పోయి బయోటినును పట్టుకొనును. తుదకు రంగు లేని యొక ద్రవమును పోయఁగా, ఎంజైము దానిని నీలముగా మార్చును. నీలము వచ్చినచో తాళమును తాళపుచెవియు కలసినవని యర్థము.

ఇప్పు డా గుంటలలో క్రొత్తమందు నొకదానిని ముందుగా వేసి, ఇదే పరీక్షను మరల చేయుదురు. నీలము రాలేదా, మందు ఆ రెంటి కలయికను ఆఁపినదన్నమాట. నీలము సగము వచ్చెనా, సగమే యాఁపినదన్నమాట. ఏ మోతాదున రంగెంత తగ్గినదో కొలిచి, మందు బలమును నిర్ణయింతురు. ఒక్క దినమున వందలకొలఁది మందులను ఇట్లు వడపోయవచ్చును. రోగికి సూది వేయకముందే, చుంచెలుకను తాఁకకముందే, పనికిరానివానిని పాఱవేయుదురు.

మఱియొక విధమగు గుఱుతు వెలుఁగునది. ఎఱ్ఱని సముద్రపు నాచునుండి తీసిన వర్ణద్రవ్య మొకటి, తగిన కాంతి సోఁకినపుడు నారింజవన్నెతో మెఱయును. దానిని పీడీ-1కు జతచేసి కణములపై పోసి, ఆ కణములను ఒక్కొక్కదానినే లేసరు కిరణము ముందునుండి నడిపింతురు. పీడీ-ఎల్1ను ధరించిన కణము మెఱయును, ధరింపనిది మెఱయదు. యంత్రము క్షణమునకు వేలకొలఁది కణములను లెక్కించును. ఇందొక చిక్కు గలదు. పీడీ-1 పట్టు స్వభావముగనే బలహీనము, కడుగునప్పుడు జాఱిపోవును. దీనికై బయోటిన్ గుఱుతు గల పీడీ-1లను నాలుగింటిని ఒక్క స్ట్రెప్టావిడినునకు తగిలింతురు. ఒక వ్రేలితో పట్టినది జాఱును. నాలుగు వ్రేళ్ళతో పట్టినది నిలుచును.

ఒక హెచ్చరిక. గుఱుతు పెట్టిన యీ మాంసకృత్తులు మందులు కావు. పరిశోధనాలయపు పనిముట్లు మాత్రమే. వడ్రంగి కొలబద్దను మ్రింగి రోగము కుదుర్చుకొనఁజూచుట యెట్టిదో, వీనిని మందులని కొనుట యట్టిది. ఎవఁడైన వచ్చి, "క్యాన్సరు మాంసకృత్తు తెచ్చితిని, పదివేలకు ఇత్తును" అన్నచో వానిని నమ్మకుఁడు.

అసలు మందుల సంగతి గూడ ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఇవి యందఱికిని పనిచేయవు. చాలమందిలో కంతి తగ్గనే తగ్గదు. పగ్గము వదలిన టీ కణములు ఒక్కొక్కప్పుడు చర్మమును, ప్రేవులను, ఊపిరితిత్తులను, కంఠమునందలి థైరాయిడ్ గ్రంథిని కొట్టును. చుంచెలుకల చావునుండి మనము నేర్చిన పాఠమే యిది. కావున వైద్యుని కనుసన్నలలోనే వీనిని వాడవలెను. పైగా వీని వెల సామాన్యుఁడు భరింపలేనిది. గంపెడు సంసారము గల రైతు పొలమమ్మినను చాలనంత!

ఈ వెల విషయమున మన దేశమున జరిగిన మంచిపని యొకటి చెప్పెదను. ముంబాయిలోని టాటా స్మారక వైద్యాలయపు వైద్యులు తల, మెడ భాగముల క్యాన్సరు ముదిరి, నయముచేయ శక్యముగాని 151 మంది రోగులపై నొక పరీక్ష జరిపి, 2022లో ఫలితములను ప్రకటించిరి. సగముమందికి చౌకయైన నోటిమందులను మాత్రమిచ్చిరి. మిగిలిన సగముమందికి ఆ మందులతోపాటు మూఁడు వారముల కొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబును ఇచ్చిరి. ఇది వాడుకలోని మోతాదులో పదియవ వంతుకన్న తక్కువ. సంవత్సరము గడచునప్పటికి మొదటి వర్గమున నూటికి 16 మందియు, రెండవ వర్గమున నూటికి 43 మందియు జీవించియుండిరి.

ఆ చౌకమందులలో నొకటి మిథోట్రెక్సేట్. ఇచట తెలుఁగువాఁడు తల యెత్తి నిలువవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయించిన బృందమునుండియే ఈ జాతి మందులు వెలువడెను. వీనిలో మొదటిదానితో సిడ్నీ ఫార్బర్ గారు రక్తపు క్యాన్సరు గల బాలురలో రోగము తాత్కాలికముగా వెనుకకు తగ్గుటను 1948లో చూపిరి. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. నాఁటి తెలుఁగువాని బృందపు మందును, నేఁటి జపానువారి పగ్గమును కలసి ముంబాయిలో పేదరోగికి కొన్ని నెలల యాయువు నిచ్చినవి. విద్య కెల్లలు లేవనుటకు ఇంతకన్న నిదర్శన మేమి?

ఇఁక నా యక్క మాట. మాది శ్రీకాకుళపు సీమ. అచ్చట మా తల్లుల కాలమునుండి ఆఁడువారు చుట్టను వెలిఁగించి, నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. ఈ వేఁడియు పొగయు అంగిలిని కాల్చి, అచ్చటనే క్యాన్సరును పుట్టించునని వైద్యులు నిర్ధారించియున్నారు. మా యక్కయు నలువదియేండ్లు అడ్డపొగ త్రాగెను. ఒకనాఁడు నాతో, "తమ్ముఁడూ, అంగిట తెల్లగా నొక మచ్చ వచ్చినది, కారము తగిలిన మండుచున్నది" అనెను. నేను పండితుఁడను గదా! "అది వేఁడి వలన వచ్చినది, మజ్జిగ త్రాగుము, నేయి పూయుము" అంటిని. ఎనిమిది నెలలు గడచెను. మచ్చ పుండైనది. పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి మెడలో బిళ్ళ కట్టినది. వైద్యుఁడు చూచి, "ముందే వచ్చియుండవలసినది" అని మాత్రమనెను. నన్నాయన నిందింపలేదు. నన్ను నేనే యిప్పటికిని నిందించుకొనుచున్నాను. ఆమె పోయి తొమ్మిదేండ్లయినది.

శిష్యుఁడు గుఱుతులను గుఱించి చెప్పుచున్నప్పుడు నా మనస్సున మెదలినది ఆ తెల్లని మచ్చయే. దేహమే మాకు గుఱుతు పెట్టి చూపినది. నేను చదువలేకపోయితిని. శాస్త్రజ్ఞు లెంత శ్రమపడి కంటికిఁ గానరాని వానికి గుఱుతులు పెట్టుచున్నారో మీరు వింటిరి. కంటికిఁ గనఁబడుచున్న గుఱుతును మనము విడిచిపెట్టవచ్చునా?

కావున పెద్దలారా, మీ యింటను మీ వీధిలోను చుట్టగాని, పొగాకుగాని, గుట్కాగాని వాడువారి నోరు నెలకొకసారి వెలుఁతురులో చూడుఁడు. మూఁడు వారములకును మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, మెడలో గట్టిబిళ్ళ, మ్రింగుటకు కష్టము, వీనిలో నేది కనఁబడినను మజ్జిగ చెప్పకుఁడు, వైద్యునికి చూపుఁడు. పుట్టిన పిల్లలకు కామెర్ల టీకా వేయింపుఁడు. మీ గ్రామమున చదువుకొను బాలబాలికలకు ఈ శాస్త్రము నేర్చుట గౌరవమని చెప్పుఁడు. పగ్గము వదలించు మందు వచ్చినది. దాని వెల తగ్గించు యత్నము సాగుచున్నది. కాని తొలినాళ్ళలో గుర్తించినదానికి చికిత్స సులభము, వ్యయము స్వల్పము, ఫలము నిశ్చయమునకు దగ్గఱ. ఆ తొలినాళ్ళు మీ చేతిలో నున్నవి.

సెలవు.